‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021’ ఎందుకు తప్పు? ప్రెజెంట్ పర్ఫెక్ట్ గురించి కొంచెం వివరంగా

మీరు అడిగినవి మూడు. ఇంటర్వ్యూలో "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021" అన్నాను, బయటికొచ్చాక ఫ్రెండ్ అది తప్పన్నాడు, హ్యావ్ ఉంది వీ3 (డన్, సీన్ లాంటి క్రియ మూడో రూపం) ఉంది మరి తప్పెక్కడ అని మొదటిది. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అని మా ఆఫీసులో అందరూ అంటారు, అది కరెక్టేనా అని రెండోది. "హ్యావ్ వర్క్‌డ్"కీ "హ్యావ్ బీన్ వర్కింగ్"కీ తేడా ఏంటి, బ్యాంకు మెసేజ్‌లో వచ్చే "హ్యాజ్ బీన్ డెబిటెడ్" వీటిల్లో దేని కిందకి వస్తుంది అని మూడోది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ పిల్లలకి ఇంటర్వ్యూ ట్రైనింగ్ ఇవ్వడం చాలా ఏళ్ళుగా నా పని, ఈ మూడూ ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం. స్కూల్లో మనకి పన్నెండు టెన్సుల పట్టిక ఇచ్చి, ప్రెజెంట్ పర్ఫెక్ట్ (అంటే హ్యావ్ లేదా హ్యాజ్, వెనక వీ3) గడిలో "ఇప్పుడే పూర్తయిన పని" అని రాయించారు కదా, సగం గొడవ అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే "ఐ హ్యావ్ సీన్ ద తాజ్ మహల్" అని ఎవరైనా అంటే వాళ్ళు ఇప్పుడే చూసొచ్చారని కాదు, ఐదో క్లాసులో స్కూల్ టూర్‌లో చూసి ఉండొచ్చు, అయినా ఆ వాక్యం కరెక్టే. అదే "ఐ ఫినిష్డ్ ఇట్ టూ మినిట్స్ అగో" చూడండి, రెండు నిమిషాల క్రితమే అయిపోయిన పని, అంతకన్నా తాజాగా ఏముంటుంది, కానీ అక్కడ హ్యావ్ పెట్టకూడదు, సింపుల్ పాస్ట్ మాత్రమే. అంటే పని ఎంత దగ్గర్లో జరిగింది అన్నదానికీ ఈ టెన్సుకీ పెద్దగా సంబంధం లేదు. చూడాల్సింది ఒక్కటే, మీరు ఆ పనిని అయిపోయిన ఒక టైముకి కట్టేసి చెప్తున్నారా, లేక ఇవాళ మీ దగ్గర ఉన్న సంగతిగా చెప్తున్నారా. పేరులోనే ప్రెజెంట్ అని ఉంది చూడండి, ఇది వర్తమానం గురించి మాట్లాడే టెన్సే, జరిగినదాన్ని ఇవాళ్టి లెక్కలోకి తెచ్చి చెప్తుందంతే.

ఇప్పుడు మీ బీటెక్ వాక్యం. "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్" వరకు ఏ తప్పూ లేదు, నా చేతిలో డిగ్రీ ఉంది అని అర్థం. ఆ వెనక "ఇన్ 2021" తగిలించగానే మీరే దాన్ని తీసుకెళ్ళి 2021లో కట్టేశారు, ఆ సంవత్సరం ఎప్పుడో అయిపోయింది, ఇంక హ్యావ్‌కి అక్కడ చోటు లేదు. "ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021" అనండి, అయిపోతుంది. లేదా హ్యావ్ ఉంచుకోవాలనుంటే సంవత్సరం తీసేయండి, వాళ్ళే "వెన్?" అని అడుగుతారు, అప్పుడు "ఐ ఫినిష్డ్ ఇన్ 2021" అని చెప్పొచ్చు.

మనవాళ్ళు ఇక్కడే ఎందుకు పడతారంటే తెలుగులో "బీటెక్ పూర్తి చేశాను" అన్నా "2021లో బీటెక్ పూర్తి చేశాను" అన్నా క్రియ ఒకటే, "చేశాను". లేదు అని చెప్పేటప్పుడు కూడా అంతే, "నిన్న తినలేదు" "ఇంకా తినలేదు" రెండిట్లోనూ "తినలేదు"నే, కానీ ఇంగ్లీషులో మొదటిది "ఐ డిడ్ంట్ ఈట్ యెస్టర్డే", రెండోది "ఐ హ్యావ్ంట్ ఈటెన్ యెట్". కాబట్టి మనం క్రియని చూసి టెన్సు తేల్చలేం, దాని పక్కన ఉన్న టైము మాటని చూడాలి. నిన్న, పోయిన వారం, చిన్నప్పుడు, ఇంటర్లో ఉండగా, రెండ్రోజుల క్రితం, 2021లో, ఇలాంటివి ఏవున్నా కళ్ళు మూసుకుని వీ2 (క్రియ రెండో రూపం, అంటే సింపుల్ పాస్ట్) వాడండి. ఇంకా, ఇప్పటిదాకా, ఎప్పుడైనా, ఇంతవరకు ఎప్పుడూ, ఆల్రెడీ, ఈ మధ్య, ఇలాంటివి ఉంటే హ్యావ్ వైపు చూడండి. అసలు టైము మాటే లేదనుకోండి, అప్పుడు కూడా మీ ఉద్దేశం ఇప్పటి పరిస్థితి చెప్పడమైతే హ్యావే.

దీంట్లోంచే ఇంకో రూలు కూడా వస్తుంది, "వెన్" అని అడిగే ప్రశ్నలో హ్యావ్ రాదు. హాస్టల్లో ఊర్నించి వచ్చినవాణ్ణి చూడగానే "వెన్ హ్యావ్ యు కమ్?" అనడం మన దగ్గర మామూలే, అది "వెన్ డిడ్ యు కమ్?" అవ్వాలి. ఎప్పుడు అని అడిగామంటేనే అయిపోయిన టైము గురించి అడుగుతున్నట్టు కదా.

మనుషుల మీద పెట్టి చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. పీవీ సింధు సంగతి తీసుకోండి. "సింధు హ్యాజ్ వన్ టూ ఒలింపిక్ మెడల్స్" అంటాం, ఆవిడ ఖాతాలో ఇవాళ్టికి రెండు ఉన్నాయి అని. కానీ విడివిడిగా చెప్పాల్సొస్తే "షి వన్ సిల్వర్ ఇన్ రియో ఇన్ 2016", "షి వన్ బ్రాంజ్ ఇన్ టోక్యో ఇన్ 2021", అక్కడ హ్యాజ్ ఎగిరిపోవాలి. ఇప్పుడు ఘంటసాల గారి గురించి రాస్తున్నారనుకోండి, "ఘంటసాల హ్యాజ్ సంగ్ మెనీ సాంగ్స్" అంటే ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్ళకి చెవిలో గుచ్చుకుంటుంది, ఆయన ఇంకా ఉన్నారు ఇంకా పాడతారు అన్నట్టు ఉంటుంది. ఆయన 1974లోనే పోయారు కాబట్టి "ఘంటసాల స్యాంగ్ మెనీ సాంగ్స్", అంతే. తాతగార్ల గురించి, స్వాతంత్ర్య సమరయోధుల గురించి పిల్లలు రాసే ఎస్సేల్లో ఈ తప్పు కుప్పలుగా కనిపిస్తుంది.

న్యూస్ ఎలా రాస్తారో గమనించండి, అక్కడ ఈ రెండు టెన్సులూ పక్కపక్కనే దొరుకుతాయి. చంద్రయాన్-3 దిగిన సాయంత్రం వార్త అయితే "ఇండియా హ్యాజ్ ల్యాండెడ్ ఎ స్పేస్‌క్రాఫ్ట్ నియర్ ద మూన్స్ సౌత్ పోల్" అని మొదలవుతుంది, అంటే ఇదిగో ఇప్పుడు మన దగ్గరున్న కొత్త సంగతి అని. ఆ తర్వాత వివరాల్లోకి వెళ్ళగానే "ద విక్రమ్ ల్యాండర్ టచ్డ్ డౌన్ ఆన్ 23 ఆగస్ట్ 2023, ద రాకెట్ లిఫ్టెడ్ ఆఫ్ ఫ్రమ్ శ్రీహరికోట ఆన్ 14 జూలై" అని మొత్తం పాస్ట్‌లోకి జారిపోతుంది. మామూలు మాటల్లో కూడా అంతే, "ఐవ్ లాస్ట్ మై ఫోన్" అంటాడొకడు, రెండోవాడు "వేర్ డిడ్ యు లూజ్ ఇట్?" అంటాడు, వీడు "ఐ లెఫ్ట్ ఇట్ ఇన్ ఎన్ ఆటో" అంటాడు. మొదటి మాట హ్యావ్‌తో, ఇంక ఆ పైన ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నీ పాస్ట్‌లో.

ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. ప్రాజెక్టు గురించి చెప్పమంటే మనవాళ్ళు ఒకసారి హ్యావ్ ఎత్తుకున్నారంటే ఇంక దింపరు. "ఐ హ్యావ్ డన్ ఎ ప్రాజెక్ట్ ఇన్ ఫైనల్ ఇయర్, వి హ్యావ్ యూజ్డ్ పైథాన్, వి హ్యావ్ కలెక్టెడ్ డేటా, వి హ్యావ్ ట్రెయిన్డ్ ద మోడల్, వి హ్యావ్ గాట్ గుడ్ యాక్యురసీ" అని గుక్క తిప్పుకోకుండా. హ్యావ్ పెడితే గౌరవంగా, ఫార్మల్‌గా ఉంటుందని ఒక నమ్మకం మనలో ఎక్కడో ఉంది, అలాంటిదేం లేదు. అదే విషయం ఇలా చెప్పి చూడండి, "ఐ హ్యావ్ వర్క్‌డ్ ఆన్ టూ మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్ట్స్. ద ఫస్ట్ వన్ వాజ్ ఇన్ మై థర్డ్ ఇయర్. వి కలెక్టెడ్ ద డేటా అవర్‌సెల్వ్స్, ట్రెయిన్డ్ ఎ స్మాల్ మోడల్, అండ్ టెస్టెడ్ ఇట్ ఇన్ అవర్ కాలేజ్ లైబ్రరీ." మొదటి వాక్యం మీకు ఏం అనుభవం ఉందో చెప్పింది, అది ఇవాళ్టి మీ ఆస్తి కాబట్టి హ్యావ్. రెండో వాక్యం నుంచి కథ, కథ ఎప్పుడూ పాస్ట్‌లోనే నడవాలి. ఈ ఒక్క మార్పుతో మీ ఇంగ్లీషు ఒక మెట్టు పైకి వినిపిస్తుంది, నమ్మండి, గ్రామర్ పుస్తకం మొత్తం చదవక్కర్లేదు.

టైము మాటల్లో రెండు మూడు జిత్తులమారివి ఉన్నాయి. "దిస్ వీక్", "దిస్ ఇయర్", "టుడే" ఇంకా నడుస్తున్నవి కాబట్టి "ఐ హ్యావ్ అటెండెడ్ త్రీ ఇంటర్వ్యూస్ దిస్ మంత్" బాగుంటుంది. "దిస్ మార్నింగ్" అయితే మీరు ఎన్నింటికి మాట్లాడుతున్నారో చూసుకోవాలి, పొద్దున పదింటికి "ఐ హ్యావ్ హ్యాడ్ టూ కాఫీస్ దిస్ మార్నింగ్" అనొచ్చు, సాయంత్రం ఆరింటికి అదే విషయం "ఐ హ్యాడ్ టూ కాఫీస్ దిస్ మార్నింగ్". "లాస్ట్ ఇయర్" అంటే అయిపోయిన ఏడాది, దానికి పాస్ట్. కానీ "ఇన్ ద లాస్ట్ టూ ఇయర్స్" అంటే గత రెండేళ్ళుగా ఇవాళ్టి వరకూ అని, దానికి హ్యావ్. రెండిట్లోనూ లాస్ట్ అనే మాట ఉండేసరికి చాలామంది కలిపేస్తారు. "జస్ట్ నౌ"కి మామూలుగా పాస్టే, "హి లెఫ్ట్ జస్ట్ నౌ", ఉత్తి "జస్ట్" అయితే "హి హ్యాజ్ జస్ట్ లెఫ్ట్". ఇంకోటి, "ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి" అన్నదాన్ని మనం "దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ యామ్ కమింగ్ హియర్" అంటాం, వాళ్ళు "దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హ్యావ్ బీన్ హియర్" అంటారు.

వాక్యం కట్టడం మీకు వచ్చే ఉంటుంది కాబట్టి తొందరగా చెప్పేస్తా. హి, షి, ఇట్, లేదా ఒక్క మనిషినో ఒక్క వస్తువునో చెప్పే ఏ పేరైనా, ఇవి ఉంటే హ్యాజ్, మిగతా అన్నిటికీ హ్యావ్, వెనకాల వీ3. ప్రశ్నకి హ్యావ్‌ని ముందుకి తెస్తే చాలు, "హ్యావ్ యు సబ్మిటెడ్ ఇట్?", లేదనడానికి నాట్, "ఐ హ్యావ్ంట్ సబ్మిటెడ్ ఇట్ యెట్". ప్రశ్నలో డిడ్ తెచ్చి ఇరికించి "డిడ్ యు హ్యావ్ సబ్మిటెడ్" అనొద్దు, ఒక వాక్యానికి ఒక మేస్త్రీ చాలు. వీ3 దగ్గర మాత్రం బట్టీ తప్పదు. ఇ-డి చేరేవి గొడవ లేదు, దెబ్బకొట్టేవల్లా "హ్యావ్ వెంట్", "హ్యావ్ సా", "హ్యావ్ వ్రోట్", "హ్యావ్ కేమ్" లాంటివే, అవి గాన్, సీన్, రిటెన్, కమ్ అవ్వాలి. కమ్, బికమ్, రన్ ఈ మూడూ తిరిగి తిరిగి మొదటికే వస్తాయి, కమ్ కేమ్ కమ్, రన్ ర్యాన్ రన్. డ్రింక్ డ్రాంక్ డ్రంక్, బిగిన్ బిగాన్ బిగన్, సింగ్ స్యాంగ్ సంగ్ లాంటివి ఒక గుంపు. చదవడం అనే మాట మూడు చోట్లా ఒకే స్పెల్లింగ్‌తో రాస్తాం కానీ పలకడం రీడ్, రెడ్, రెడ్, "ఐ హ్యావ్ రీడ్ యువర్ మెయిల్" అని ఫోన్లో అనేవాళ్ళు బోలెడుమంది, రెడ్ అనాలి. "హ్యావ్ హ్యాడ్" చూసి భయపడొద్దు, హ్యాడ్ అక్కడ వీ3 అంతే, "ఐవ్ హ్యాడ్ దిస్ ఫోన్ ఫర్ ఫోర్ ఇయర్స్", నాలుగేళ్ళుగా ఈ ఫోనే నా దగ్గర ఉంది అని.

వినేటప్పుడు ఒక ఇబ్బంది ఉంటుంది, అవతలివాళ్ళు హ్యావ్ అని పూర్తిగా పలకరు, "ఐవ్", "వీవ్", "దేవ్" అని మింగేస్తారు. "హీజ్" అయితే అటు హి ఈజ్ కావొచ్చు ఇటు హి హ్యాజ్ కావొచ్చు, వెనకాల వచ్చే మాటతో తేల్చుకోవాలి, "హీజ్ టేకింగ్ ఇట్" అయితే ఈజ్, "హీజ్ టేకెన్ ఇట్" అయితే హ్యాజ్.

వెళ్ళడానికి మాత్రం రెండున్నాయి, గాన్, బీన్. "డాడీ హ్యాజ్ గాన్ టు తిరుపతి" అంటే నాన్నగారు ఇంట్లో లేరు, కొండ మీదో దార్లోనో ఉన్నారు. "డాడీ హ్యాజ్ బీన్ టు తిరుపతి" అంటే వెళ్ళొచ్చారు, లడ్డూ కూడా తెచ్చే ఉంటారు. అందుకే "హ్యావ్ యు ఎవర్ బీన్ టు ఢిల్లీ?" అని అడుగుతారు గానీ ఎదురుగా కూర్చున్న మనిషిని గాన్ పెట్టి అడగరు.

రెండో ప్రశ్నకొస్తా. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్". మీ ఆఫీసులో అందరూ అంటారన్నారు, దేశంలో సగం ఆఫీసుల్లో ఇలాగే అంటారు, ఇండియన్ ఇంగ్లీషుకి ఇదొక గుర్తు లాంటిదైపోయింది. మన మధ్య మాట్లాడుకోవడానికి ఎవరికీ ఇబ్బంది లేదు, దీని గురించి పక్కవాణ్ణి సరిదిద్దుతూ తిరగొద్దు కూడా. కానీ ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలోనో బయటి దేశం క్లయింటుకి రాసే మెయిల్లోనో ఇది తప్పే, అందులోనూ రెండు తప్పులు.

మొదటిది యామ్ వర్కింగ్. "మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను" అని తెలుగులో అనుకుని అలాగే దించేస్తాం. ఇంగ్లీషులో యామ్ వర్కింగ్ అంటే ఇప్పటి మాటే, దానికి వెనకటి మూడేళ్ళు చూపించే శక్తి లేదు. వెనక మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి హ్యావ్ బీన్ వర్కింగ్ అనాల్సిందే. రెండోది సిన్స్. మనకి "నుంచి" ఒక్కటే ఉంది, 2019 నుంచి, మూడేళ్ళ నుంచి, రెండూ అదే. ఇంగ్లీషులో ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్, ఎంతకాలం అయిందో చెప్తే ఫర్. క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలు పెట్టి ఇదిగో ఇక్కడ మొదలైంది అని చూపించగలిగితే సిన్స్, సిన్స్ 2019, సిన్స్ మండే, సిన్స్ మై మ్యారేజ్. మూడేళ్ళు అనేదాని మీద వేలు పెట్టలేం, అది పొడవు, కాబట్టి ఫర్ త్రీ ఇయర్స్. ఆ లెక్కన మీ వాక్యం "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్".

"తెలంగాణ హ్యాజ్ బీన్ ఎ సెపరేట్ స్టేట్ సిన్స్ 2 జూన్ 2014" అంటాం, అది ఇప్పటికీ రాష్ట్రమే కాబట్టి. "తెలంగాణ బికేమ్ ఎ స్టేట్ ఆన్ 2 జూన్ 2014", ఏర్పడటం ఆ రోజుతో అయిపోయింది కాబట్టి. "హైదరాబాద్ మెట్రో హ్యాజ్ బీన్ రన్నింగ్ సిన్స్ నవంబర్ 2017", ఓపెనింగ్ గురించైతే "ఇట్ ఓపెన్డ్ ఇన్ నవంబర్ 2017". ఒకే సంఘటన, ఒకే తేదీ, మొదలవడం గురించి చెప్తున్నామా సాగడం గురించి చెప్తున్నామా అన్నదాన్ని బట్టి టెన్సు మారింది చూడండి. అలాగే "ఫ్రమ్ మార్నింగ్ ఐ యామ్ కాలింగ్ యు" బదులు "ఐవ్ బీన్ కాలింగ్ యు సిన్స్ దిస్ మార్నింగ్".

ఇక్కడ ఉద్యోగాలకి సంబంధించి ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చూడండి. "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అంటే మానేశారని అర్థం. "ఐ హ్యావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అంటే ఇంకా అక్కడే ఉన్నారు. హెచ్‌ఆర్ "హౌ లాంగ్ హ్యావ్ యు బీన్ విత్ యువర్ కంపెనీ?" అని అడిగితే, ఉద్యోగంలో ఉన్నవాడు తడబడి "ఐ వర్క్‌డ్ ఫర్ త్రీ ఇయర్స్" అంటాడు, వెంటనే "ఓకే, వై డిడ్ యు లీవ్?" అని వస్తుంది, వీడికి ఎందుకలా అడిగారో అర్థం కాదు, నేను మానెయ్యలేదు సార్ అని మొదలెడతాడు, అక్కణ్ణించి అంతా గందరగోళం. తిరగేసి కూడా జరుగుతుంది, మానేసిన కంపెనీ గురించి హ్యావ్ వర్క్‌డ్ ఫర్ త్రీ ఇయర్స్ అని చెప్తే నోటీసు పీరియడ్ ఎంత అని అడుగుతారు. నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్ళు కూడా ఆఖరి రోజు దాకా హ్యావ్ బీన్ వర్కింగ్ అనే అనాలి.

విదేశాలకి వెళ్ళేవాళ్ళకి ఇలాంటిదే ఇంకోటి. "హౌ లాంగ్ ఆర్ యు హియర్ ఫర్?" అని అడిగితే వచ్చి ఎన్నాళ్ళయింది అని కాదు, మొత్తం ఎన్నాళ్ళుంటారు అని. వచ్చి ఎన్నాళ్ళయింది అనడానికి "హౌ లాంగ్ హ్యావ్ యు బీన్ హియర్?". డాలస్‌లో కూతురి దగ్గరికి ఆర్నెల్లకని వెళ్ళిన అమ్మగారు, వెళ్ళిన మూడో రోజున పక్కింటావిడ మొదటి ప్రశ్న అడిగితే "త్రీ డేస్" అని చెప్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అప్పుడే వెళ్ళిపోతున్నారా అని ఆవిడ నొచ్చుకుంటుంది.

మూడోది, హ్యావ్ వర్క్‌డ్, హ్యావ్ బీన్ వర్కింగ్. నిజం చెప్పాలంటే వర్క్, లివ్ ఈ రెండిటికీ ఫర్, సిన్స్‌తో వాడినప్పుడు పెద్ద తేడా లేదు, ఏది వాడినా నడిచిపోతుంది, దీని మీద కోచింగ్ సెంటర్లలో గంటలు గంటలు క్లాసులు పీకడం నాకు అనవసరం అనిపిస్తుంది. మిగతా క్రియల్లో తేడా ఉంది. బీన్, ఐఎన్‌జీ పెడితే మన చూపు పని జరుగుతూ ఉండటం మీద ఉంటుంది, అది పూర్తయిందో లేదో చెప్పదు. ఉత్తి హ్యావ్, వీ3 పెడితే చూపు ఫలితం మీద. చేతులకి పసుపు, నూనె అంటుకుని తలుపు తీసిన ఆవిడ "ఐవ్ బీన్ మేకింగ్ పులిహోర" అంటుంది, అన్నం ఇంకా కలుపుతూ ఉందో ఏమో తెలీదు. "ఐవ్ మేడ్ పులిహోర" అందంటే అయిపోయింది, కంచం తెచ్చుకోవచ్చు. "హూ హ్యాజ్ బీన్ ఈటింగ్ మై ఆవకాయ?" అంటే జాడీలో కొంచెం తగ్గింది, ఎవడో రోజూ లాగిస్తున్నాడు. "హూ హ్యాజ్ ఈటెన్ మై ఆవకాయ?" అంటే జాడీ ఖాళీ. మేనేజరుకి "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఆన్ ద రిపోర్ట్" అని రాశారంటే ఇంకా అవ్వలేదని చదువుకుంటాడు, అయిపోతే "ఐ హ్యావ్ ఫినిష్డ్ ద రిపోర్ట్" అనే రాయండి.

లెక్క చెప్తే బీన్ తీసేయండి. ఎంతసేపు అంటే "ఐవ్ బీన్ కాలింగ్ యు ఫర్ ఎన్ అవర్", ఎన్నిసార్లు అంటే "ఐవ్ కాల్డ్ యు సిక్స్ టైమ్స్". ఇక నో, లైక్, బిలీవ్, ఓన్ లాంటి వాటికి, ఉండటం అనే అర్థంలో హ్యావ్‌కి, మామూలుగా ఐఎన్‌జీ తగిలించరు, ఎన్నేళ్ళైనా సరే. "ఐ యామ్ నోయింగ్ హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్" అనీ కాదు, "హ్యావ్ బీన్ నోయింగ్" అనీ కాదు, "ఐ హ్యావ్ నోన్ హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్".

బ్యాంకు మెసేజ్‌లో "యువర్ అకౌంట్ హ్యాజ్ బీన్ డెబిటెడ్" ఈ కంటిన్యూయస్ కాదు, అది ప్యాసివ్. బీన్ కనిపించగానే కంటిన్యూయస్ అనుకుంటారు, బీన్ వెనకాల ఏముందో చూడండి, ఐఎన్‌జీ ఉంటే చేస్తూ ఉండటం, వీ3 ఉంటే ఆ పని వేరేవాళ్ళు చేశారు, ఇక్కడ అకౌంట్ దానంతటది ఏం చెయ్యలేదు, దాంట్లోంచి డబ్బు తీశారు. "యువర్ ఆర్డర్ హ్యాజ్ బీన్ షిప్డ్", "యువర్ అప్లికేషన్ హ్యాజ్ బీన్ రిసీవ్డ్", రోజూ మన ఫోన్లోకి వచ్చేవన్నీ ఈ రకమే. అన్నట్టు చాలా బ్యాంకు మెసేజ్‌లలో హ్యాజ్ బీన్ డెబిటెడ్ అని రాసి పక్కనే ఆన్ అని తేదీ కూడా వేస్తారు, పైన నేను చెప్పిన రూలు ప్రకారం అది కుదరదు, రోజూ అది చదివీ చదివీ కూడా మనకి తేదీతో హ్యావ్ మామూలుగా అనిపిస్తుందేమో అని నా అనుమానం.

ఈ ప్యాసివ్ రాకపోవడం వల్ల మన పిల్లలు చేసే తప్పు ఒకటి చెప్పాలి. క్యాంపస్ సెలక్షన్స్ అయ్యాక ఇంటికి ఫోన్, ఫ్రెండ్స్‌కి మెసేజ్, "ఐ హ్యావ్ సెలెక్టెడ్ ఇన్ క్యాంపస్". సెలెక్ట్ అయ్యాను అన్నదాన్ని అలా తిప్పేస్తారు. దానర్థం నేనే ఎవరినో ఎంపిక చేశాను అని. "ఐ హ్యావ్ బీన్ సెలెక్టెడ్" లేకపోతే "ఐ గాట్ సెలెక్టెడ్". ప్రమోట్, ట్రాన్స్‌ఫర్, అపాయింట్ అన్నీ ఇంతే, "మై ఫాదర్ హ్యాజ్ బీన్ ట్రాన్స్‌ఫర్డ్ టు కర్నూల్", బీన్ తీసేస్తే మీ నాన్నగారు ఇంకెవర్నో కర్నూలుకి బదిలీ చేసినట్టు.

అమెరికా క్లయింట్లతో మాట్లాడేవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఒకటుంది, మీరు యెట్, ఆల్రెడీ, జస్ట్ ఉంటే హ్యావ్ అన్నారు, మా క్లయింటు "డిడ్ యు ఈట్ యెట్?" అంటాడు, "ఐ ఆల్రెడీ సెంట్ ఇట్" అంటాడు, అతను తప్పు మాట్లాడతాడా అని. తప్పు కాదు, అమెరికాలో ఈ మూడు మాటలతో సింపుల్ పాస్ట్ బాగానే నడుస్తుంది, లండన్ వాళ్ళు "హ్యావ్ యు ఈటెన్ యెట్?" "ఐవ్ ఆల్రెడీ సెంట్ ఇట్" అంటారు, మనం స్కూల్లో నేర్చుకున్నది ఈ బ్రిటిష్ పద్ధతి. మీరు ఎవరితో మాట్లాడితే వాళ్ళ లాగే అనండి, ఇబ్బందేం లేదు. కానీ అమెరికా వాళ్ళు హ్యావ్ వదిలేస్తారు కదా అని "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే" కూడా ఎక్కడో అక్కడ చెల్లుతుందనుకోవద్దు, అది అక్కడా తప్పే ఇక్కడా తప్పే. వాళ్ళ దగ్గర గెట్‌కి వీ3 కూడా వేరు, "ద ట్రాఫిక్ హ్యాజ్ గాటెన్ వర్స్" అంటారు, లండన్ అయితే "హ్యాజ్ గాట్ వర్స్". గాటెన్ విని అదేదో పల్లెటూరి ఇంగ్లీషు అని నవ్వినవాళ్ళని చూశాను, అక్కడ పేపర్లలో కూడా అలాగే రాస్తారు.